బోల్టు మనది, గ్యాస్ అందరిదీ

*కారు ఏసీ కంప్రెసర్‌ను ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా? మిర్చి కల్లాల నడుమ, పత్తి మిల్లుల వీధుల్లో ఎండతో పాటు ఈ ప్రశ్న కూడా ముదురుతోంది.*

గుంటూరు జిల్లా పెదనందిపాడు దారిలో ఒక పల్లె. మధ్యాహ్నం రెండు దాటింది. ఇంటి వెనక కల్లంలో తేజ రకం మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. గాలి అటునుంచి తిరిగినప్పుడల్లా నులకమంచం మీద కూర్చున్న పెద్దాయన కండువాతో ముక్కు మూసుకుంటున్నాడు. ఎదురుగా వేపచెట్టు కింద బానెట్ ఎత్తిన కారు. ముందు చక్రం విప్పి పక్కన పడేశారు. జాకీని నమ్మకుండా కింద ఒక మొద్దు కూడా పెట్టారు. కారు కిందినుంచి రెండు కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"ఏందిరా, తేలిందా?"

"కంప్రెసరే బాబాయ్. జామైపోయింది. క్లచ్ ప్లేటు చేత్తో తిప్పితే కదలట్లేదు."

"ఎంతవుద్దంట?"

"షోరూములో ముప్పైవేలు చెప్పారుగా. పార్టు మనమే తెచ్చుకుంటే సగంలో పోద్ది. నాలుగు బోల్టులేగా, ఇక్కడే బిగిచ్చేస్తా."

"నాలుగు బోల్టులకే అయితే ముప్పైవేలు ఎందుకడిగాడ్రా మరి?"

కారు కిందినుంచి జవాబు రాలేదు. పెద్దాయన అడిగినదాంట్లో మాత్రం అసలు సంగతంతా ఉంది. బోల్టులు విప్పడం, బిగించడం పానా పట్టడం వచ్చిన ఎవరైనా చేయగలరు. డబ్బూ కష్టమూ ఉన్నది బోల్టు విప్పకముందు, బిగించాక జరగాల్సిన పనిలో. ఇంటి దగ్గర ఎగిరిపోయేది కూడా సరిగ్గా ఆ పనే.

అద్దం దించితే ఘాటు, ఎత్తితే ఉక్క

ఒకప్పుడు అంబాసిడర్లో నాలుగద్దాలూ దించి, తడిపిన తువ్వాలు మెడకు చుట్టుకుని గుంటూరు నుంచి ఒంగోలు వెళ్లినవాళ్లే అందరూ. ఇళ్లలో వట్టివేళ్ల తడికెలు, రోడ్డు మీద తడిగుడ్డ. అదే అప్పటి ఏసీ. 1983 డిసెంబరులో మారుతీ 800 రోడ్డెక్కాక చిన్నకారు మధ్యతరగతి వాకిట్లోకి వచ్చింది. ఏసీ కూడా నెమ్మదిగా దాని వెంటే వచ్చింది. మారుతీ కార్లకు ఏసీ యంత్రాలు చేసిపెట్టే సుబ్రోస్ కంపెనీ 1985లో మొదలైంది. చాలాకాలం పాటు ఏసీ ఉన్న కారంటే కాస్త కలిగినవాళ్ల కారు.

ఇప్పుడా మాట అంటే నవ్వుతారు. వేసవి వార్తల్లో రెంటచింతల పేరు రాని ఏడాది లేదు. 2015 మే నెల వడగాలులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎక్కువ ప్రాణనష్టం చూసిన జిల్లాల్లో ప్రకాశం ఒకటి. పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లే కారులో, పసిపిల్లతో పుట్టింటికి వెళ్లే కారులో ఏసీని ఇంకా విలాసం అనలేం.

పైగా ఈ గుంటూరు, ప్రకాశం నేలకు దానిదైన ఇబ్బంది ఒకటుంది. వేరేచోట ఏసీ పోతే అద్దాలు దించుకోవచ్చు. మిర్చి సీజన్లో గుంటూరు యార్డు చుట్టుపక్కల అద్దం దించితే తుమ్ములూ దగ్గులూ కళ్లమంటలూ ఒక్కసారిగా మొదలవుతాయి. చీమకుర్తి వైపు వెళితే గ్రానైట్ దుమ్ము. పత్తి మిల్లుల వీధుల్లో గాల్లో తేలే నూగు. అందుకే అద్దాలు బిగించి, ఏసీని లోపలి గాలి మీద పెట్టుకుని తిరగడం ఇక్కడ అలవాటైపోయింది. అంటే కంప్రెసర్‌కు రోజంతా చాకిరీ.

కుండలో నీళ్ల సూత్రమే

మట్టికుండ చెమర్చి లోపలి నీళ్లను చల్లబరుస్తుంది. ఆవిరయ్యే నీరు తనతో వేడిని పట్టుకుపోతుంది. కారు ఏసీ చేసేదీ ఇదే. కాకపోతే ఇక్కడ ఆవిరయ్యేది నీరు కాదు, ఆర్-134ఏ అనే గ్యాస్. మామూలు గాలి పీడనం దగ్గర అది మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. డాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్లో ఆవిరై లోపలి వేడిని లాగేసుకుంటుంది. ఆ వేడిని మోసుకొచ్చే గ్యాస్‌ను పీల్చి, గట్టిగా నొక్కి, ముందున్న కండెన్సర్‌లోకి తోసేది కంప్రెసర్. కండెన్సర్ దగ్గర గాలి తగిలి వేడి బయటికి పోతుంది, గ్యాస్ మళ్లీ ద్రవమవుతుంది.

గుంటూరు చుట్టూ వందకు పైగా ఉన్న మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో జరిగేదీ ఇదే. చాలాచోట్ల అక్కడ గ్యాస్ అమ్మోనియా, కంప్రెసర్ గదంత ఉంటుంది. కారులోది రెండు చేతుల్లో పట్టేంత. అయినా తేలిక పని చేయదు. కారు టైరులో గాలి 32 పీఎస్‌ఐ ఉంటుంది. నలభై డిగ్రీల ఎండలో ఇంజిన్ ఆపి ఉంచిన కారు ఏసీ పైపుల్లోనే 130 పీఎస్‌ఐ దాకా ఉంటుంది. ఏసీ నడుస్తుంటే కండెన్సర్ వైపు అది 250 పీఎస్‌ఐ దాటొచ్చు. తెలియక పైపు నట్టు వదులు చేస్తే ఆ ఒత్తిడంతా చేతి మీదికి వస్తుంది. చిమ్మిన ద్రవం తగిలినచోట చర్మం గడ్డకట్టి పుండవుతుంది. కంట్లో పడితే చూపే పోవచ్చు.

> బెల్టు పీకితేనే ఏసీ ఆగేది
> కారులో ఏసీని మొదట అమ్మకానికి పెట్టిన కంపెనీల్లో అమెరికాకు చెందిన ప్యాకార్డ్ ముందుంది. 1940 మోడల్ కార్లలో అది దాన్ని అమర్చింది. దాని కంప్రెసర్‌కు క్లచ్ లేదు. చలి ఎక్కువైందనిపిస్తే కారు ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడబీకాలి. ఇప్పుడు స్విచ్ నొక్కగానే ముందు "టక్" మని వినిపించేది ఆ బెల్టు బాధ తప్పించిన అయస్కాంతపు క్లచ్.

కంప్రెసర్ ఊరికే పోదు

ఏసీ మెకానిక్కుల దగ్గర కాసేపు కూర్చుంటే ఒక సంగతి అర్థమవుతుంది. కంప్రెసర్ పోయిందంటే దాన్ని చంపింది ఇంకేదో ఉంటుంది. ఆ ఇంకేదో దొరక్కుండా కొత్తది బిగిస్తే అదీ పాతదాని దారే పడుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది లీకేజీ. కంప్రెసర్‌కు ఇంజిన్ ఆయిల్ అందదు. దాని నూనె గ్యాస్‌తో పాటే పైపుల్లో తిరుగుతూ ఉంటుంది. జాయింటులో ఎక్కడో ఒక రబ్బరు ఓ-రింగు ఎండి సన్నగా గ్యాస్ కారుతుంటే నూనె కూడా కొంత దాంతోనే పోతుంది. మనం మార్చిలో "కూలింగ్ తగ్గింది, గ్యాస్ కొట్టు" అంటాం. గ్యాస్ నింపుతాడు. మళ్లీ ఏడాది మళ్లీ అంతే. పోయిన నూనె సంగతి ఎవరికీ పట్టదు. నాలుగో వేసవికి లోపలి పిస్టన్లు పొడిగా రాసుకుని పట్టేస్తాయి.

రెండోది కండెన్సర్‌కు గాలి ఆడకపోవడం. ఈ జిల్లాల్లో దీనికి కొదవలేదు. దూది నూగు, మిరప తొక్కల పొడి, చీమకుర్తి దుమ్ము, రాత్రిపూట తగిలే పురుగులు, అన్నీ కలిసి కండెన్సర్ రేకుల మధ్య అట్టకడతాయి. బంపర్ సందులోంచి చూస్తే పైకేమీ కనిపించదు. టార్చి వేసి చూస్తేనే బూడిదరంగు పొర తెలుస్తుంది. వేడి బయటికి పోయే దారి మూసుకుంటే పీడనం పెరుగుతుంది, భారమంతా కంప్రెసర్ మీద పడుతుంది. యార్డు ముందు వరసలో ఇంజిన్ ఆపకుండా, ఏసీ వేసుకుని నిలబడ్డ కారు పరిస్థితి మరీ కష్టం. బండి కదలదు కాబట్టి ఎదురుగాలి ఉండదు. ఫ్యాన్ కూడా సరిగా తిరక్కపోతే ఇక అంతే.

మూడోది మనం లెక్కలోకి తీసుకోనిది. డిసెంబరు, జనవరి నెలల్లో ఏసీ ముట్టుకోం. నూనె తిరగక షాఫ్టు సీలు ఎండిపోతుంది. ఎండ ముదిరిన రోజు ఒక్కసారిగా ఫుల్లులో పెడతాం. చలికాలంలో కూడా వారానికి ఒకసారి పది నిమిషాలు ఏసీ వేస్తే సీలు తడిగా ఉంటుంది. పైసా ఖర్చులేని మరమ్మతు ఇది.

> మార్చేముందు ఇవి చూడండి
> • ఏసీ వేయగానే "టక్" శబ్దం రాకపోతే తప్పు కంప్రెసర్‌ది కాకపోవచ్చు. ఫ్యూజు, రిలే, క్లచ్ కాయిల్ చూడాలి. గ్యాస్ బాగా తగ్గినా ప్రెజర్ స్విచ్ క్లచ్‌ను కలవనివ్వదు.
> • ఏసీ ఆపినా గరగర వినిపిస్తుంటే పుల్లీ బేరింగు కావచ్చు. బేరింగు ఒక్కటే మార్చుకోవచ్చు.
> • బండి పరుగులో చల్లగా, నిలబెడితే వేడిగా ఉంటే ముందు ఫ్యాన్, కండెన్సర్ చూడాలి.
> • పైపు జాయింటు దగ్గర జిడ్డుగా దుమ్ము అంటుకుని ఉంటే లీకేజీ అక్కడే.

చిన్న గ్లాసులో అసలు కథ

ఇక ఇంటి దగ్గర పని సంగతి. ముందు కారును ఏసీ షాపుకు తీసుకెళ్లి, ఉన్న గ్యాస్‌ను మెషీన్‌తో సిలిండర్‌లోకి లాగించాలి. ఏసీ పనిచేయకపోయినా బెల్టు తిరుగుతుంటే కారు నడుస్తుంది. పుల్లీ కూడా బిగుసుకుంటే షాపువాణ్నే మెషీన్‌తో పిలిపించుకోవాలి. గ్యాస్ పూర్తిగా తీశాక చేసేదంతా మామూలు పానా పనే. బ్యాటరీ వైరు తీయాలి, బెల్టు వదులు చేయాలి, క్లచ్ ప్లగ్గు ఊడదీయాలి, పైపులు విప్పాలి, బోల్టులు తీసి కంప్రెసర్ దించాలి. విప్పిన పైపు మూతులకు ఆ క్షణమే మూతలు బిగించాలి. దూది నూగు ఎగిరే ఊళ్లో పైపు నోరు తెరిచి భోజనానికి వెళ్లడమంత తెలివితక్కువ పని ఉండదు.

దించిన పాత కంప్రెసర్‌ను పారేయకుండా, గీతలున్న చిన్న గ్లాసులోకి వంచి, క్లచ్ ప్లేటును మెల్లగా తిప్పాలి. తిరగనంత బిగుసుకుంటే పైపు మూతుల్లోంచే వంచాలి. నూనె బొట్లు బొట్లుగా దిగుతుంది. దాన్ని ఎండలో పెట్టి చూడాలి. తేటగా, లేతపసుపుగా ఉంటే అదృష్టం. నల్లబడి, గ్లాసు వంచినప్పుడు అడుగున వెండి రజను తళతళలాడితే అది లోపల అరిగిన లోహం. ఆ రజను ఈపాటికి కండెన్సర్ దాకా చేరి ఉంటుంది. ఇప్పటి కండెన్సర్ల గొట్టాలు మరీ సన్నం. ఎంత కడిగినా పూర్తిగా పోదు. కండెన్సర్ కూడా మార్చాల్సిందే. మార్చకపోతే ఆ రజనే కొత్త కంప్రెసర్‌ను తినేస్తుంది. ముప్పైవేల బిల్లులో ఒక పెద్ద భాగం ఇదిగో, ఈ గ్లాసులోంచి వచ్చినదే.

ఆ గ్లాసుకు ఇంకో పని కూడా ఉంది. కొత్త కంప్రెసర్ చాలాసార్లు మొత్తం ఏసీకి సరిపడా నూనెతో వస్తుంది. అలాగే బిగిస్తే, పైపుల్లో మిగిలిన పాత నూనె దానికి తోడై ఎక్కువవుతుంది. అప్పుడు చల్లదనం తగ్గుతుంది. పాతదాంట్లోంచి 40 మిల్లీలీటర్లు వచ్చాయనుకోండి. కొత్తదాంట్లోనూ అంతే ఉంచి, మార్చిన డ్రయ్యర్ (తేమను పీల్చే డబ్బా) కోసం ఇంకో పదీ పదిహేను మిల్లీలీటర్లు కలిపి, మిగతాది తీసేయాలి. ఏసీలో వాడే ఈ పాగ్ నూనెలో 46, 100, 150 అని రకాలున్నాయి. మన కారుకు ఏది కావాలో బానెట్ కింది స్టిక్కరో, కారుతో వచ్చిన పుస్తకమో చెబుతుంది. ఈ నూనె గాల్లో తేమను త్వరగా పీల్చుకుంటుంది కాబట్టి నిరుడు మూత తీసిన డబ్బా ఈ ఏడాదికి పనికిరాదు.

డ్రయ్యర్ కొత్తది వేయాలి. ఓ-రింగులు కొత్తవి, అవీ అదే నూనెలో ముంచి వేయాలి. పాత ఓ-రింగు బాగానే ఉంది కదా అని మిగుల్చుకునే యాభై రూపాయలకు మళ్లీ మొత్తం గ్యాస్ పోతుంది. క్లచ్ ప్లేటుకూ పుల్లీకీ మధ్య సందు అరమిల్లీమీటరు అటూఇటూగా ఉండాలి. బెల్టు ఎక్కించి, బోల్టులు చెప్పిన బిగువుకు బిగిస్తే ఇంట్లో చేయగలిగిన పని ముగిసినట్టే.

ఇక్కడి నుంచి మళ్లీ షాపు పని. వాక్యూమ్ పంపుతో కనీసం అరగంట, ముప్పావుగంట లోపలి గాలినంతా లాగేయాలి. పీడనం అంత తగ్గితే లోపలున్న తేమ మామూలు వేడికే మరిగి బయటికొస్తుంది. ఆపైన పంపు ఆపి గేజీ ముల్లు కదలకుండా నిలబడుతుందో లేదో చూడాలి. ముల్లు పైకి జరిగితే ఎక్కడో లీకు ఉన్నట్టే. నిలబడితేనే గ్యాస్. అదీ తూకం వేసి ఎక్కించాలి. చిన్నకార్లకు 350 నుంచి 550 గ్రాముల మధ్య పడుతుంది. పైపు పట్టుకుని "చల్లబడింది, చాలు" అనడం లెక్క కాదు.

బుస్సుమని పోయిన గ్యాస్

ఇళ్ల దగ్గర జరిగే పనిలో మొదటి మెట్టే తప్పిపోతోంది. గ్యాస్ లాగే మెషీను ఖరీదైనది, పెద్దది. అందుకని వాల్వు నొక్కి గ్యాస్‌ను గాల్లోకి వదిలేస్తారు. బుస్సుమని ఒక నిమిషం మోగి ఆగిపోతుంది. వాసన ఉండదు, పొగ ఉండదు. తప్పు చేసినట్టే అనిపించదు.

ఆర్-134ఏ ఒక కిలో, 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. ఒక కారులోని 450 గ్రాములు వదిలేస్తే 640 కిలోల పైమాట. దాదాపు 280 లీటర్ల పెట్రోలు తగలబెట్టినంత. ఎండ తట్టుకోలేక పెట్టుకున్న యంత్రమే ఎండను పెంచడం కన్నా పెద్ద చిక్కేముంది?

ఖరీదు తగ్గించుకోవడానికి పట్టే అడ్డదారులు ఇంకా ప్రమాదం. ఏసీలో వంటగ్యాస్ ఎక్కిస్తే చల్లదనం వస్తుంది. లీకైతే మాత్రం అది మండే గ్యాస్, పక్కనే వేడి ఇంజిన్. ఆర్-134ఏ పేరుతో వచ్చే నకిలీ సిలిండర్లూ ఉంటాయి. 2011లో వియత్నాంలో సర్వీసు చేసిన శీతల కంటైనర్లు కొన్ని పేలి కార్మికులు చనిపోయారు. వాటిలో ఎక్కించింది మిథైల్ క్లోరైడ్ కలిసిన నకిలీ గ్యాస్. అల్యూమినియం తగిలితే అది మండే పదార్థంగా మారుతుంది. కారు కంప్రెసర్ ఒళ్లంతా అల్యూమినియమే.

> మూడు తరాల గ్యాస్
> ఆర్-12: పాత కార్లలోది. ఓజోన్ పొరకు చిల్లు పెట్టే గ్యాస్. 1987 మాంట్రియల్ ఒప్పందంతో దీనికి కాలం చెల్లింది. భారత్ ఆ ఒప్పందంలో 1992లో చేరింది.
> ఆర్-134ఏ: ఓజోన్‌కు హాని లేదు, వేడి మాత్రం పెంచుతుంది. 2016 కిగాలీ సవరణ కింద ఇలాంటి గ్యాస్‌లను తగ్గించాలి. 2021లో భారత్ దాన్ని ఆమోదించింది. మనకు తగ్గింపు 2032లో 10 శాతంతో మొదలై 2047కు 85 శాతానికి చేరాలి.
> ఆర్-1234వైఎఫ్: వేడి పెంచే గుణం నామమాత్రం. ఐరోపాలో 2017 నుంచి కొత్త కార్లలో ఆర్-134ఏ వాడకూడదు. కొద్దిగా మండే గుణం ఉంది, ఖరీదూ ఎక్కువ.

డాలస్‌లో గరాజ్, పల్లెలో వేపచెట్టు

అమెరికాలో, డాలస్ లాంటి చోట్ల స్థిరపడిన మనవాళ్లలో వారాంతం గరాజ్‌లో కంప్రెసర్ మార్చుకునేవాళ్లు ఉంటారు. అక్కడ మెకానిక్ గంట కూలి చూస్తే గుండె గుభేలుమంటుంది. వాక్యూమ్ పంపు, గేజీలు ఆటోజోన్ లాంటి దుకాణాలు డిపాజిట్ కట్టించుకుని ఇంటికిస్తాయి. పని అయ్యాక తిరిగిచ్చేస్తే డబ్బు వెనక్కి. అయితే చట్టం కూడా గట్టిదే. ఆర్-134ఏను గాల్లోకి వదలడం అక్కడ 1995 నుంచి నేరం. డబ్బు తీసుకుని ఇతరుల కారు ఏసీ బాగుచేయాలంటే పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. సొంత కారుకు కొనుక్కునే చిన్న డబ్బాలకు సైతం 2018 నుంచి తమంతట తామే మూసుకునే వాల్వులు ఉండాలి.

మన దగ్గర లెక్క తిరగబడి ఉంటుంది. పార్టు ప్రియం, కూలి చవక. అందుకే మనం ఇంటి దగ్గర చేయించడమంటే చాలాసార్లు మెకానిక్ బైకు మీద మన ఇంటికి రావడం. ఆ బైకు మీద రింగుపానాల సంచీ పడుతుంది, గేజీలు పడతాయి, చిన్న గ్యాస్ డబ్బా పడుతుంది. వాక్యూమ్ పంపు, గ్యాస్ లాగే మెషీను, తూకం పట్టవు. బైకు మీద పట్టని పనులే మన కార్లకు జరగకుండా మిగిలిపోతున్నాయి. డాలస్‌లో పంపును డిపాజిట్ మీద ఇచ్చినట్టు ఇక్కడ ఆటోనగర్ దుకాణాలు ఇవ్వగలిగితే సగం సమస్య తీరుతుంది.

ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లకు మాత్రం ఈ చర్చ వర్తించదు. వాటి కంప్రెసర్ బెల్టుతో తిరగదు. నారింజరంగు తీగల్లో వచ్చే వందల వోల్టుల కరెంటుతో తిరుగుతుంది. నూనె కూడా వేరు. అందులో పాగ్ నూనె కలిస్తే కరెంటు లీకయ్యే ప్రమాదం ఉంది. శిక్షణ ఉన్నవాళ్లే ముట్టుకోవాలి.

ఇక లారీల వంతు

16వ నంబరు జాతీయ రహదారి మీద చిలకలూరిపేట దాటి నిలబడితే మిర్చి టిక్కీలు, పత్తి బేళ్లు, గ్రానైట్ దిమ్మెలు మోసే లారీలు తెగకుండా కనిపిస్తాయి. ఇంజిన్ వేడి పాదాలకు తగులుతుంటే ఆ డ్రైవర్లు ఇన్నేళ్లూ కిటికీ గాలితోనే నెట్టుకొచ్చారు. కేంద్ర రవాణాశాఖ 2023 డిసెంబరులో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలన్నిటికీ క్యాబిన్‌లో ఏసీ ఉండి తీరాలి. ఆలస్యంగానైనా మంచి మాట.

అయితే ప్రతి కొత్త లారీతో ఒక కొత్త కంప్రెసర్ కూడా ఈ ఎండలోకీ, ఈ దుమ్ములోకీ వస్తుంది. నాలుగైదేళ్లకు అవన్నీ మరమ్మతుకు వస్తాయి. అప్పటికి ఎన్ని ఊళ్లలో గ్యాస్ లాగే మెషీన్లు ఉంటాయన్నదే ప్రశ్న. కేంద్రం 2019లో ప్రకటించిన శీతలీకరణ కార్యాచరణ ప్రణాళికలో లక్షమంది సర్వీసు మెకానిక్కులకు శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వాలన్న లక్ష్యం పెట్టుకుంది. ఐటీఐల్లో రిఫ్రిజిరేషన్, ఏసీ ట్రేడు ఉంది. ఆ చదువు రోడ్డుపక్క షెడ్డు దాకా చేరాలి. చేతిపనిలో మనవాళ్లకు వంక పెట్టలేం. వాళ్లకు లేనిది పరికరం, దానికి డబ్బిచ్చే గిరాకీ.

ఆ గిరాకీ కారున్న మన చేతిలోనే ఉంది. కంప్రెసర్ ఇంట్లో మార్చినా, షెడ్డులో మార్చినా, షోరూములో మార్చినా బిల్లు మీద మూడు అంకెలు రాయమని అడగండి: నూనె ఎన్ని మిల్లీలీటర్లు, వాక్యూమ్ ఎన్ని నిమిషాలు, గ్యాస్ ఎన్ని గ్రాములు. దాంతోపాటు పాతది ఎందుకు పోయిందో ఒక్క వాక్యంలో చెప్పమనండి. చెప్పగలిగినవాడికి అడిగినంత ఇవ్వొచ్చు. చెప్పలేనివాడు సగానికే చేస్తానన్నా, వచ్చే వేసవికి మిగతా సగం వసూలు చేస్తాడు.